గలివర్ తొలి ముద్రణ

నిన్న రాత్రంతా 1726 నాటి 'గలివర్స్ ట్రావెల్స్' తొలి ముద్రణ స్కాన్ చూస్తూ కూర్చున్నా. పుస్తకంలో ఎక్కడా రాసిన జొనాథన్ స్విఫ్ట్ పేరు లేదు. ముందు పేజీలో గలివర్ బొమ్మ మాత్రం ఉంది, నిజంగా బతికున్న మనిషిలా! రాతప్రతిని ఎవరో చీకట్లో బాడుగ గుర్రబ్బండిలోంచి ప్రచురణకర్త మాట్ ఇంటి దగ్గర పడేసి పోయారట. సర్కారుని వెటకారం చేసిన పుస్తకం కదా, అందుకే టెన్షన్ మరి.

ఆ భయంతోనే మాట్ ఘాటైన చోట్లన్నీ మెత్తబరిచాడు. స్విఫ్ట్‌కి ఒళ్లు మండింది. 1735లో డబ్లిన్‌లో ఫాక్నర్ వేసిన ముద్రణలో, తన పుస్తకాన్ని పాడుచేశారని గలివరే ఉత్తరం రాసి తిట్టినట్టు చేర్చాడు. కోపాన్ని కూడా పాత్రకే అప్పగించడం చూసి భలే నవ్వొచ్చింది. అయినా డబ్లిన్‌ని తలపించే లిండలీనో అనే కల్పిత నగరం తిరుగుబాటు ఘట్టం 1899 దాకా అచ్చులోకి రాలేదు.

చిన్నప్పుడు బడిలో మాకు మరుగుజ్జుల దేశం లిల్లిపుట్ భాగం ఒక్కటే చెప్పారు, అదీ పిల్లల కథలాగా.

ఇక అనుకరణలు! తొలి ముద్రణ వచ్చిన మరుసటి ఏడాదికే ఎవరో దొంగ మూడో సంపుటం వేసేశారు. లిల్లిపుట్ రాజసభ ముచ్చట్లంటూ గలివర్ పేరు మీదే ఇంకొకటి వచ్చింది. పేరు దాచుకున్న రచయితకి కాపీరైట్ గొడవ పెట్టుకునే దారేది? ఆ రాజసభ పుస్తకం ఈ వారం మొదలుపెడతా.