మతి చెదరకుండా పోకర్ ఆడటం: నా అనుభవం

లాస్ వేగాస్‌లో పోకర్ టోర్నమెంటు తొలి రోజు గట్టెక్కాను. చిప్స్ (పందెం బిళ్లలు) సంచికి సీలు వేయించి ఇప్పుడే గదికి వచ్చాను.

గుర్తింపు కార్డు చూపడం, డబ్బు కట్టడం, కుర్చీ నంబరు తీసుకోవడం సాఫీగా జరిగిపోయాయి. సాయంత్రం వరకు ఆటా అంతే. ఇబ్బందంతా రాత్రి భోజనం తర్వాతే.

నా చేతిలో ఆఠీను ఎనిమిది, ఏడు. బల్ల మీద తెరిచిన నాలుగు ముక్కల్లో రెండు ఆఠీన్లు. తెరవాల్సిన చివరి ముక్క కూడా ఆఠీనైతే ఐదు ఆఠీన్లతో ఆట నాదే. పాట్‌లో, అంటే బల్ల మధ్య పోగైన పందెంలో, 6,000 ఉంటే, ఎదుటివాడు తన దగ్గర మిగిలిన 3,000 మొత్తం తోశాడు. నాకు కనబడని 46 ముక్కల్లో ఆఠీన్లు 9. అంటే గెలుపు ఐదింట ఒక వంతుకు కాస్త తక్కువ. 3,000 పెడితే వచ్చేది 9,000 కాబట్టి నాలుగింట ఒక వంతైనా ఉంటేనే గిట్టుబాటు. అలసిన బుర్ర కదా, లెక్క రెండోసారి సరిచూసుకుంటున్నాను. ఇంతలో పక్క కుర్చీలోని ఆసామి, ముక్కలు ఎప్పుడో పడేసినవాడు, ‘క్లాక్’ అని కేకేశాడు. అంటే నాకు గడువు పెట్టమని. పర్యవేక్షకుడు వచ్చి నా నెత్తిన నిలబడి సెకన్లు బిగ్గరగా లెక్కపెట్టాడు. ‘ఇంకా కూడికలేనా?’ అన్నాడు ఆసామి. బల్లంతా నవ్వింది.

నియమం ఉంది, కాదనను. రోజంతా ఎవరినీ ఆపని మనిషి మీద దాన్ని వాడటం మాత్రం కుసంస్కారం. ముక్కలు పడేశాను. అదే సరైన ఆట.

చెవులు వేడెక్కాయి. మరుసటి ఆటలో అతను పందెం పెంచగానే నా ముక్కలు చూడకుండానే ఎదురు తోయాలనిపించింది. పోకర్‌లో టిల్ట్ అనేది ఇదే. కొంపలు ముంచేది ఇదే. లేచి బయటికి నడిచాను. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే వంతులవారీగా కట్టి తీరాల్సిన పందేలు, పోతే పోయాయి. ముఖం కడుక్కొని, వంద నుంచి ఏడేసి తీసేస్తూ వెళ్లాను. తడబడకుండా రెండుకు చేరాకే తిరిగి కూర్చున్నాను.

తర్వాత ఆ ఆసామి చిప్స్ మొత్తం నాకే వచ్చాయి. నా రాజుల జత ముందు అతని రాణుల జత నిలవలేదు.

ఆడేవారు విరామంలో బఫే జోలికి పోకండి. కడుపు నిండితే కళ్లు మూతపడతాయి. ముక్కలు పడేశాక ఫోను తీయకుండా మిగిలినవాళ్ల ఆట చూడండి. అప్పు తెచ్చిన డబ్బుతో అసలు కూర్చోకండి. ఇంటి అద్దె బల్ల మీద ఉన్నవాడికి ఏ లెక్కా తోచదు.

రేపు మధ్యాహ్నం మళ్లీ ఆట. ఫోను ఆపేసి పడుకుంటున్నాను.