ఆరో స్తంభం

మంగళవారం. సెప్టెంబరు సగం గడిచినా ఎండ చిటచిటలాడుతోంది.

మన వైపు అసలు వానలు అక్టోబరు, నవంబరు తుపాన్లతోనే. అందుకే స్టేషన్లలో షెల్టర్లూ ఫుట్‌ఓవర్ బ్రిడ్జీలూ ఈ లోపే చూసేసుకోవాలి. ఇవాళ కావలికీ ఒంగోలుకీ మధ్య ఓ చిన్న స్టేషన్. పేరు రాయను, ఆ ఊరోళ్ళు కంగారుపడతారు.

పినాకిని ఎక్స్‌ప్రెస్ పోయాక 50 నిమిషాల బ్లాక్ దొరికింది, అంటే అంతసేపు ఆ లైన్లో రైళ్ళు రావు. వంతెన కింద తీగలో 25 వేల వోల్టులు. కరెంటు ఆపేశామని ఫోనులో చెప్తే సరిపోదు. పక్క లైన్ నడుస్తూనే ఉంటుంది గనక ఆపిన తీగలోకీ ఎంతో కొంత వచ్చి చేరుతుంది. ఓహెచ్‌ఈ వాళ్ళు, అంటే ఆ పై తీగలు చూసేవాళ్ళు, రెండు వైపులా మిగిలిన కరెంటుని నేలలోకి దించే డిశ్చార్జ్ రాడ్లు తగిలించి, కాగితం మీద సంతకం చేసి నా చేతికిచ్చాకే మా ఖలాసీలు నిచ్చెన ఎక్కారు. పని అయ్యేదాకా ఆ కాగితం నా జేబులోనే. ఎన్నిసార్లు తడుముకున్నానో లెక్కలేదు.

వంతెన మీద మా ఖలాసీల్లో పెద్దాయనది ఒకటే పద్ధతి. రివెట్ తలకి ఒకవైపు వేలు ఆనించి రెండోవైపు చిన్న సుత్తితో కొడతాడు. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. వదులైతే వేలికే తెలుస్తుందట. నేనూ పెట్టి చూశా, నాకేం తెలియలేదు. వదులైన మూడు రివెట్లకి సుద్దతో సున్నాలు చుట్టి, టైముకి ముందే దిగేశాం.

అసలు సంగతి ప్లాట్‌ఫారం షెల్టర్ దగ్గర మొదలైంది. ఆరో స్తంభానికి పెయింటు నిగనిగలాడుతోంది, నేను రిజిస్టరులో 'బాగుంది' అని రాసేశాను కూడా. అక్కడే ఊడుస్తున్న అక్క చీపురు ఆపి, "దాని మొదట్లో నీళ్ళు ఇంకతా ఉండాయి సారూ. వానొస్తే పైన గొట్టం పొంగి ఈడికే దిగతాయి" అంది. పెద్దాయన వంగి నేల మట్టానికి ఒక్క దెబ్బ వేశాడు. ఖంగు లేదు, డబ్‌మంది.

ఎప్పుడో ప్లాట్‌ఫారం ఎత్తు పెంచినప్పుడు స్తంభం పాదం, బోల్టులూ కాంక్రీటులో కూరుకుపోయాయి. పైన టైల్స్ వేసేశారు. తవ్వితేగాని చూడలేం. తవ్వాలంటే టైల్స్ పగలాలి, పగిలితే ఉత్తరాలు, వివరణలు. నిజం చెప్పాలంటే వచ్చే నెలకి వాయిదా వేద్దామనే అనుకున్నా. పెద్దాయన నా మొహం చూసి, "వానలొచ్చినాక తవ్వుదామా అబ్బయా?" అన్నాడు. రెండు టైల్స్ లేపించాను.

లోపల గోధుమ రంగు బురద. చేత్తో లాగితే తుప్పు అప్పడాల్లా పొరలు పొరలుగా ఊడొచ్చింది. శుభ్రం చేసి, జెల్ రాసి మందం కొలిచే గేజ్ పెడితే పైన 10 మిల్లీమీటర్లున్న ఇనుము నేల దగ్గర 6కి దిగింది. ఉప్పుగాలికి నీళ్ళు తోడైతే ఇనుము ఏపాటి!

2022 నవంబరు 27న మహారాష్ట్రలోని బల్లార్షా స్టేషన్‌లో ఫుట్‌ఓవర్ బ్రిడ్జి పలక ఊడి పట్టాల మీద పడింది, ఒకావిడ చనిపోయింది. ఆ వార్త చదివినప్పటినుంచీ నేను వంతెన కింద నిలబడి టీ తాగను. అలాంటివాణ్ణే, ఇవాళ పెయింటు చూసి మోసపోయాను.

తర్వాత చకచకా జరిగింది. ఇనప గొట్టాలతో రెండువైపులా ఆసరా పెట్టారు, స్టేషన్ మాస్టరుగారు బెంచీ జరిపించి మైకులో చెప్పించారు, చుట్టూ తాడు కట్టాం. అక్క చెప్పిన పైన వాననీళ్ళ గొట్టంలో చూస్తే పావురం గూడు. దాన్ని తీసేయడానికి మావాళ్ళలో ఒకడు తెగ బాధపడ్డాడు, గుడ్లున్నాయని.

రిపోర్టులో 'పరిశీలించినవారు' అన్న చోట ఒక్క గీతే ఉంటుంది. నా పేరు రాశాను. కింద 'స్టేషన్ స్వీపరు చెప్పగా తెలిసినది' అని కూడా రాస్తానంటే, మా సార్ ఫోనులో "అవన్నీ ఎందుకయ్యా" అన్నారు. రాశాను. తిరగ్గొడితే కొట్టనీ.

సాయంత్రం ప్యాసింజరు కోసం కూర్చుంటే, మేం కట్టిన తాడు మీద ఎవరో తడి తువ్వాలు ఆరేసి ఉన్నారు. నేను లేచేలోపే అక్క చీపురుతో దాన్ని లాగి, "ఎవురిదబ్బా ఇది?" అని ప్లాట్‌ఫారం అదిరేలా అరిచింది.