ఆ కొర్రీ ఎవరి మీద పడింది?

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకామె దరఖాస్తును మూడుసార్లు తిప్పి పంపాను. భర్త పోయాక ఆమెకు రావాల్సిన కుటుంబ పింఛను అది. ఒక రికార్డుకీ ఇంకో రికార్డుకీ ఆమె పేరులో ఒక్క అక్షరం తేడా ఉంది. "పేర్లు సరిపోలలేదు" అని కొర్రీ రాసి పంపేసేవాణ్ణి. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు, ఎవరి సిఫారసూ వినలేదు. నిబంధన ఏం చెబితే అదే చేశాను. నీతిగా పనిచేస్తున్నాననే నా నమ్మకం.

నాలుగోసారి ఆ ఫైలు పై అధికారి దగ్గరికి వెళ్లింది. ఆవిడ నన్ను పిలిచి ఒక్కటే అడిగారు: "ఈ అక్షరం తప్పు రాసింది ఎవరండీ?"

పాత రిజిస్టర్లు తిరగేస్తే తెలిసింది. మా సెక్షన్‌లోనే, ఎవరో ఎక్కించేటప్పుడు పడిన తప్పు. రాసింది మేము. తను తనేనని నిరూపించుకోవాల్సింది మాత్రం ఆమె. అలా పది నెలలు గడిచాయి.

పాలనలో నైతిక విలువలు అనగానే అందరం లంచం గురించే మాట్లాడతాం. లంచం పోవాలి, అందులో రెండో మాట లేదు. కానీ నేను లంచం తీసుకోకపోయినా ఆమెకు ఆ పది నెలలూ పింఛను రాలేదు. అప్పటి నుంచి ఏ నిబంధన చదివినా ముందు ఒకటి వెతుకుతాను: ఇందులో రుజువు భారం ఎవరి మీద పెట్టారు? ఆ విధానం రాసినవాళ్ల విలువలు నాకు అక్కడే కనిపిస్తాయి.

ఆస్ట్రేలియాలో 'రోబోడెట్' అని పేరుపడిన పథకం 2015లో మొదలైంది. సంక్షేమ సాయం తీసుకునేవారి ఏడాది ఆదాయాన్ని పన్ను శాఖ లెక్కల్లోంచి తీసుకుని, రెండేసి వారాలకు సమానంగా పంచేశారు. కొన్ని నెలలు పని ఉండి, కొన్ని నెలలు లేనివాళ్లకు ఆ సగటు ఎలా సరిపోతుంది? పని లేని వారాల్లోనూ సంపాదించినట్టు లెక్క తేలింది. "ఎక్కువ తీసుకున్నారు, కట్టండి, కాదంటే పాత జీతం స్లిప్పులు చూపించండి" అంటూ నోటీసులు వెళ్లాయి. చట్టం మార్చకుండా ఇలా చేయడం కుదరకపోవచ్చని శాఖలోని న్యాయ సలహాదారులు 2014లోనే చెప్పారు. అయినా ముందుకే వెళ్లారు. చివరికి 2020లో 4,70,000 బాకీలకు సంబంధించి 72.1 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు తిరిగి ఇస్తామని ప్రభుత్వమే ప్రకటించాల్సి వచ్చింది. ఆ నోటీసులు అందుకున్నవాళ్ల టెన్షన్‌ను ఎవరు వాపసు ఇస్తారు? ఈ సంగతులు చదువుతుంటే నాకు నా మూడు కొర్రీలే గుర్తొచ్చాయి.

అలాగని ఫైలు ఆపడమే తప్పంటే నేను ఒప్పుకోను. 1960లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థలో కొత్తగా చేరిన ఫ్రాన్సిస్ కెల్సీ బల్ల మీదికి థాలిడోమైడ్ అనే మందు దరఖాస్తు వచ్చింది. అప్పటికే చాలా దేశాల్లో అమ్ముతున్న మందు. అప్పటి చట్టం ప్రకారం 60 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే. ఆవిడ గడువు దాటనివ్వకుండా, ఆధారాలు చాలవంటూ మళ్లీ మళ్లీ వెనక్కి పంపారు. కంపెనీ ఒత్తిడి చేసినా తగ్గలేదు. 1961 చివర్లో నిజం బయటపడింది. గర్భిణులు ఆ మందు వాడటం వల్ల ప్రపంచవ్యాప్తంగా పది వేల మందికి పైగా పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. అమెరికాలో అప్పట్లో ఆ మందు మార్కెట్‌కు రాలేదు కాబట్టి అక్కడ చాలా కుటుంబాలు ఆ ముప్పు నుంచి బయటపడ్డాయి.

ఆవిడా కొర్రీలే వేశారు, నేనూ కొర్రీలే వేశాను. ఆవిడ రుజువు అడిగింది పరిశోధనశాలలూ డబ్బూ ఉన్న కంపెనీని. నేను అడిగింది భర్త పోయిన మనిషిని. నేను అడుగుతున్న రుజువు ఉన్న రిజిస్టరు నా వెనక బీరువాలోనే ఉంది.

"ఇలా అందరినీ నమ్మితే దొంగ దరఖాస్తులు దూరిపోవా?" అని తోటి ఉద్యోగులు అడుగుతారు. దూరతాయి, కొన్ని తప్పకుండా దూరతాయి. అందుకే తనిఖీ మానమని నేను అనడం లేదు. మన దగ్గరున్న కాగితాలు ముందు మనం చూసుకోవాలి. ఆ తర్వాతే ఎదుటివాళ్లను అడగాలి. నోట్ ఫైల్‌లో "దరఖాస్తుదారు సమర్పించాలి" అని రాసే ముందు నేను బీరువా దగ్గరికి ఒకసారి లేచి వెళ్తాను. పని ఆలస్యమవుతుంది. అవనివ్వండి.

ఆమెకు బకాయిలన్నీ మంజూరయ్యాయి. ఉత్తర్వు తీసుకోవడానికి వచ్చినప్పుడు నేను లేచి నిలబడి, "తప్పు మాదేనమ్మా, క్షమించండి" అన్నాను. ఆమె నన్ను ఏమీ అనలేదు. కాగితాన్ని రెండుసార్లు చూసుకుని, "దీనికి ఇంకో రెండు కాపీలు ఇస్తావా బాబూ? మళ్లీ ఎవరైనా అడిగితే చూపించాలి కదా" అంది.