అడ్రస్ చూసి ఇల్లు కొనేవాళ్లకి
భీమవరం జువ్వలపాలెం రోడ్డులాంటి చోట ఇల్లంటే సగం డబ్బు అడ్రస్‌కే పోతుంది. పోనీండి, మిగతా సగమైనా చూసి ఇవ్వండి. మన డెల్టా నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. పునాది పైల్స్ (భూమిలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు) మీద వేశారో లేదో స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లో చూడాలి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకిన పగులు కనబడితే కొత్త రంగు చూసి మురిసిపోకండి, ఇంజనీర్‌ని తీసుకెళ్లండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే గీజరు, కుళాయిలు ఎక్కువకాలం ఆగవు.

ఫ్లాటైతే మార్బుల్ సంగతి తర్వాత. అవిభాజ్య వాటా, అంటే బిల్డింగ్ కింది స్థలంలో మీకొచ్చే భాగం, ఎన్ని గజాలో ముందు అడగండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కిందికొచ్చే ప్రాజెక్టులో రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) కొనేవాళ్లే మినహాయించి కట్టాలి. అమ్మేది ఎన్నారై అయితే లెక్క వేరు, ఇంకా ఎక్కువ. ఆడిటర్‌ని అడిగాకే చెక్కు రాయండి.