బొంత మూలన తెల్లగుడ్డ

ఆదివారం బారసాల. ఇవాళ గురువారం. బొంత అయిపోయింది, లేబులే మిగిలింది. నాలుగంగుళాల వెడల్పు, అయిదంగుళాల పొడవున్న తెల్లగుడ్డ ముక్క. రెండు నెలల పని ఒక ఎత్తు, ఆ ముక్క మీద ఏం రాయాలన్నది ఒక ఎత్తు అయింది.

పొద్దున కాఫీ తాగుతూ కాగితం మీద రాసి చూసుకున్నాను. నా పేరు, తారీకు, హైదరాబాద్. మూడు లైన్లు, చూడ్డానికి శుభ్రంగా ఉంది. అమ్మ కళ్ళజోడు వెతుక్కుని, చదివి, కాగితం మళ్ళీ నా ముందుకి తోసింది.

"కుట్టింది నువ్వు కాదుగా?"

"ముక్కలన్నీ అతికింది నేనేగా అమ్మా."

"అతికావు. కుట్టింది ఆ బొంతలావిడ. చీరలిచ్చింది నేను," అని ఇడ్లీ తుంపుకుంది. గొంతులో కోపమేం లేదు. పాలవాడి లెక్క చెప్పినట్టు చెప్పింది. నాకే కాఫీ సహించలేదు.

చెల్లెలి కూతురు నీళ్ళోసుకుందనగానే బొంత నేను కుడతానని గొప్పగా చెప్పేశాను. చేతిలో ఉన్న విద్య ఎంతంటే, జాకెట్టుకి హుక్కులు కుట్టగలను. అమ్మ తన పెట్టెలోంచి అమ్మమ్మ నూలు చీరలు రెండు తీసింది. అందులో ఒకటి నారాయణపేట, ముదురాకుపచ్చ గళ్ళు, ఎర్ర అంచు. కొంగంతా చీకిపోయింది గాని కుచ్చెళ్ళ దగ్గర గుడ్డ ఇంకా గట్టిగానే ఉంది. చెల్లెలి వియ్యపురాలు గుంటూరు నుంచి వాళ్ళ అత్తగారి మంగళగిరి చీర కొరియర్ చేసింది, నిజాం అంచుది. పదేళ్ళు కట్టి కట్టి మెత్తబడ్డ నా పోచంపల్లి చీర కూడా వేశాను. అన్నీ అయిదంగుళాల చదరాలుగా కోసి, మిషను మీద అతికాను. లోపల రెండు పొరలు, అడుగున ఒకటి, అన్నీ పాత చీరలే. దూది పెట్టలేదు, మన ఎండలకి పసిపిల్ల ఉడికిపోతుంది.

పేపర్లవాళ్ళు 'అతుకుల బొంత ప్రభుత్వం' అని తిట్టుగా రాస్తారు గాని, అతకడం ఎంత కష్టమో వాళ్ళకేం తెలుసు. మూలలు కలవవు. నావి పన్నెండు చోట్ల కలవలేదు, లెక్కపెట్టాను.

అమ్మమ్మ చీర కోస్తున్నప్పుడే ఒక సంగతి జరిగింది. అంచు వెనకవైపు, మూలకి దగ్గరగా నల్లటి గుర్తు కనిపించింది. ఒక గీత, పక్కన మూడు చుక్కలు. మరకేమో, ఆ ముక్క తీసేద్దామనుకున్నాను. అమ్మ చెయ్యి పట్టుకుంది. "చాకలి గుర్తే అది. మా ఇంటి గుర్తు." నల్లజీడి రసంతో పెట్టేవాడట, గుడ్డ చిరిగినా గుర్తు పోదు. ఊళ్ళో ఎన్ని ఇళ్ళ బట్టలు ఒకే రేవులో కలిసినా దేనింటికి దాన్ని ఆ చుక్కలే చేర్చేవి. అమ్మమ్మ అన్నేళ్ళు కట్టిన చీర మీద రాత అంటూ ఉన్నది అదొక్కటే. అది ఎవరి చీరో చెబుతుంది. ఎవరు నేశారో, ఎవరు ఉతికారో చెప్పదు. ఆ ముక్కని తిరగేసి, గుర్తు పైకి కనబడేట్టు ఎడమ మూలన అతికాను. (పసిపిల్ల బొంత మీద నల్లజీడి ఏమిటని చెల్లెలు అడుగుతుంది. పచ్చి రసమైతే ఒళ్ళు పొక్కుతుంది నిజమే, కానీ ఇది ఎన్ని వందల ఉతుకులు చూసిందో.)

ఇక కుట్టడం. రెండు లైన్లు టాకాలేసి చూస్తే పాము పాకినట్టు వచ్చింది. అప్పుడే మా తార్నాక సందులో "బొంతలు కుడ్తమమ్మా" అన్న కేక వినబడింది. పాలమూరు వైపు మనిషి, అరవై దాటి ఉంటాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, స్కూటర్ల పక్కన చాప పరుచుకుని నాలుగు రోజులు కుట్టింది. కాలి బొటనవేలితో గుడ్డ అంచు తొక్కిపట్టి, ఎడమ చేత్తో పొరలు సర్దుతూ, సూది మీదికి ఏడెనిమిది కుట్లు ఒక్కసారే ఎక్కించి అప్పుడు లాగుతుంది. స్కేలు లేదు, చాకుపీసు గీత లేదు. అంచు నుంచి మొదలుపెట్టి చదరంలో చదరంగా లోపలికి తిరుగుతూ నడిమధ్యకి వచ్చి ఆగింది. నేను కలపలేకపోయిన ఆ పన్నెండు మూలల్నీ ఒక్కో అదనపు కుట్టుతో సర్దేసింది, నాకు చెప్పకుండానే. పదిహేను వందలు అడిగితే పదమూడు వందలకి బేరమాడాను. రాయడానికి సిగ్గుగా ఉంది గాని జరిగింది అదే.

అలాంటి బొంత మీద నా పేరొక్కటే రాసుకున్నాను.

మనకి పేర్లు వేయించుకోవడం కొత్తేం కాదు. వంటింట్లో స్టీలు గిన్నె ఏది తిరగేసినా చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలుంటాయి. ఫలానావారి గృహప్రవేశం, ఫలానా తేదీ, ఫలానావారి బహుమతి. గుళ్ళో ఫ్యాను తిరగడం ఆగితే రెక్క మీద దాత పేరు, గోత్రంతో సహా కనబడుతుంది. ఇచ్చినవాళ్ళ పేరుంటుంది, పుచ్చుకున్నవాళ్ళ పేరుంటుంది. గిన్నె సాగగొట్టినవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఈ లెక్కన రామప్ప గుడి ఒక్కటే తిరగబడ్డది. అక్కడి శాసనంలో 1213లో గుడి కట్టించిన సేనాని రేచర్ల రుద్రుడి పేరుంది. జనం మాత్రం శిల్పి పేరని చెప్పుకుంటూ రామప్ప గుడి అనే పిలుస్తారు. రాయి మీద ఒక పేరు, నోట్లో ఒక పేరు.

నా పోచంపల్లి ముక్కల దగ్గరా ఇదే గొడవ. ఆ చీరకి అందమంతా నేయకముందే వస్తుంది. నూలుకి ముడులేసి రంగుల్లో ముంచాలి, అంతకన్నా ముందు ఆసు పోయాలి. దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ వేల సార్లు తిప్పే పని. ఇంట్లో ఆడవాళ్ళే చేసేవారు, భుజాలు పడిపోయేవి. చీర మీద వాళ్ళ ఊసుండదు. తన తల్లి ఆ బాధ పడటం చూసి చింతకింది మల్లేశం ఆ పనికి యంత్రం తయారుచేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రానికి పెట్టుకున్న పేరు 'లక్ష్మీ ఆసు'. లక్ష్మి అంటే వాళ్ళమ్మ పేరు.

పదకొండింటికి తార్నాకలో మెట్రో ఎక్కి సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగి, ఆటోలో జనరల్ బజార్ వెళ్ళాను. గుడ్డ మీద రాసే పెన్ను కావాలి. నిన్న ఇంట్లో ఉన్న జెల్ పెన్నుతో రాస్తే 'త్త' అని రాసిన చోట నల్లటి బొద్దింక తయారైంది. మన ఒత్తులకి లావు మొన పనికిరాదు. లేసుల కొట్టు కుర్రాడు నాలుగు రకాలు చూపించి అన్నిటికీ "గ్యారంటీ మేడం" అన్నాడు. సన్న మొనది ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి పాత దిండుగలీబు ముక్క మీద రాసి, ఇస్త్రీ చేసి, సర్ఫులో నానబెట్టి పిండాను. నిలిచింది. వేడి తగిలితే సిరా గుడ్డకి పట్టుకుంటుందని ఈ పని చేసేవాళ్ళు చెబుతారు. అసలు లేబులు ముందే అతికి, దాని మీదుగా బొంత కుట్టించాలట, ఎవరూ ఊడదీయలేకుండా. ఆ సంగతి నాకు తెలిసేసరికి బొంత అయిపోయింది.

పెన్నుల గురించి వెతుకుతుంటేనే చదివాను, అమెరికాలో 1840ల్లో సంతకాల బొంతలు బాగా నడిచాయట. చుట్టాలూ స్నేహితులూ ఒక్కో ముక్క మీద సిరాతో సంతకం చేస్తే అన్నీ కలిపి కుట్టేవారు. పాత సిరాల్లో ఇనుము ఉండేది, అది కొన్నాళ్ళకి గుడ్డని తినేసేది. కొన్ని చోట్ల సంతకం ఉండాల్సిన దగ్గర అక్షరాల ఆకారంలో చిల్లులు మిగిలాయి.

అక్కడే హ్యారియెట్ పవర్స్ అని, జార్జియాలో బానిసగా పుట్టినావిడ. బైబిల్ కథలతో ఆవిడ కుట్టిన బొంతని 1886లో ఒక సంతలో జెన్నీ స్మిత్ అనే డ్రాయింగు టీచరు చూసి అమ్మమంది. అమ్మనంది. ఇల్లు గడవక 1891లో అయిదు డాలర్లకి ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడు ఏ గడిలో ఏముందో చెబుతుంటే టీచరు రాసిపెట్టుకుంది. ఆ తర్వాత కూడా హ్యారియెట్ కొన్నిసార్లు వచ్చి బొంతని చూసుకుని వెళ్ళేదట. ఇప్పుడది వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆ టీచరు కాగితాలు లేకపోతే ఇవాళ అక్కడ ఎవరి పేరుండేదో. నేను ఆడిన రెండు వందల బేరం మళ్ళీ గుర్తొచ్చింది.

మధ్యాహ్నం చెల్లెలికి ఫోన్ చేసి కొత్త లిస్టు చదివాను. అమ్మమ్మ చీర, వియ్యపురాలి అత్తగారి చీర, దాచిపెట్టింది అమ్మ, అతికింది నేను, కుట్టింది ఆవిడ, అంచు పట్టీ వేసింది సందు చివరి టైలరు.

"అక్కా, లేబులా ఇది, శుభలేఖా?" అంది. "అమ్మమ్మ ఆశీస్సులతో అని రాసెయ్, సరిపోతుంది. వాళ్ళిద్దరికీ డబ్బులిచ్చాంగా."

"సినిమాలో అందరూ డబ్బులు తీసుకునే చేస్తారు. అయినా లైట్‌బాయ్ దాకా పేర్లేస్తారు కదే."

"అప్పటికి జనం లేచి వెళ్ళిపోయుంటారులే," అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి, "వాళ్ళ అత్తగారి పేరు మాత్రం స్పెల్లింగ్ తప్పు పోనీకు, నా ప్రాణం తీస్తారు," అని పెట్టేసింది.

అమ్మమ్మ పేరు దగ్గరే అసలు చిక్కు వచ్చింది. మాకు తెలిసిన పేరు అత్తవారింట్లో పెట్టిందట. ఆ ఇంట్లో అప్పటికే అమ్మమ్మ పుట్టింటి పేరుతోనే పెద్దావిడ ఉందని పెళ్ళినాడే మార్చేశారు. "పుట్టింటి పేరు వాళ్ళన్నయ్య ఒక్కడే పిలిచేవాడు," అని అమ్మ చెప్పింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, వాళ్ళమ్మ చిన్నప్పటి పేరు పలకడానికి కాస్త సిగ్గుపడింది. రెండు పేర్లూ రాశాను. ఈ పేర్లేవీ ఇక్కడ రాయడం లేదు. వాళ్ళని అడిగింది బొంత కోసమే.

నాలుగింటికి బొంత కుట్టినావిడ మిగిలిన డబ్బుల కోసం వచ్చింది. లెక్క ప్రకారం ఇవ్వాల్సింది మూడొందలు, అయిదొందల నోటిచ్చాను. చిల్లర కోసం కొంగుముడి విప్పబోతే వద్దన్నాను. లేబులు చూపించి సంగతి చెప్పాను. ఆవిడ తెల్లగుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూసింది, రాతని కాదు, గుడ్డని.

"నా పేరేం జేస్కుంటవమ్మా. ఫోన్ నంబర్ రాయి. ఎవలన్న జూస్తే పని దొర్కుతది."

నవ్వొచ్చింది మొదట. తర్వాత రాలేదు. నేను పొద్దుట్నుంచీ గౌరవమనీ గుర్తింపనీ తల బద్దలుకొట్టుకుంటుంటే ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. పసిపిల్ల బొంత మీద ఫోన్ నంబరేమిటని అమ్మ ముఖం చిట్లించింది. నంబర్లు మారిపోతాయి, నిజమే. పిల్ల పెద్దదయ్యేసరికి ఆ నంబరు ఎవరిదవుతుందో. అయినా బారసాలకి వచ్చే ఆడవాళ్ళలో నలుగురైనా బొంత తిరగేసి చూస్తారు, ఆ నలుగురి ఇళ్ళలోనూ పాత చీరలుంటాయి. పేరూ రాశాను, కిందే పది అంకెలూ రాశాను. టైలరుని అడిగితే షాపు పేరు రాయమన్నాడు, సొంత పేరు వద్దన్నాడు.

రాత్రి తొమ్మిదింటికి అమ్మ పక్కన కూర్చుని హెమ్మింగ్ మొదలుపెట్టాను. నా కుట్లు ఇంకా వంకరే. లేబులు మీద ఎనిమిది లైన్లు, అట్టడుగున 'వేన్నీళ్ళు వద్దు, నీడన ఆరేయాలి'. అన్నిటికన్నా పైన మాత్రం ఒక లైను ఖాళీ. పిల్లకి ఇంకా పేరే పెట్టలేదు. బియ్యంలో రాసేదాకా ఎవరికీ చెప్పరట.

అందుకని మూడు వైపులే కుట్టాను. నాలుగోవైపు తెరిచి ఉంచితే అట్టముక్క లోపలికి దూర్చి రాయచ్చు, సిరా బొంతకి దిగదు. శుభలేఖ అట్ట ఒకటి కొలతకి కత్తిరించి, సూదీ దారం పెన్నుతో కలిపి హ్యాండ్‌బ్యాగులో పెట్టాను. అమ్మ అది తీసి, పెన్ను మూత సరిగ్గా బిగించి మళ్ళీ పెట్టింది.