రేకు బాగానే ఉంది, వాషరే పోయింది

మేడ మీద రేకుల షెడ్డు వేయించి 12 ఏళ్లు. మొన్న వానకి మంచం మీద టపటపా చుక్కలు పడుతుంటే, రేకులకి చిల్లులు పడ్డాయేమో, మళ్లీ డబ్బులు వదిలినట్టే అని ఒకటే టెన్షన్. తీరా పొద్దున్నే మేస్త్రీ పైకెక్కి చూస్తే రేకులు నిక్షేపంలా ఉన్నాయి. పోయిందల్లా స్క్రూ తల కింద ఉండే నల్ల రబ్బరు వాషర్. ఒకటి ఊడదీసి నా చేతిలో పెట్టాడు. గోటితో నొక్కితే అప్పడంలా ఫట్‌మని విరిగింది.

ఎండకి రేకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. రోజూ ఇదే లాగుడు, స్క్రూ మెల్లగా వదులవుతుంది. పైగా మాది కాకినాడ, ఉప్పు గాలికి తలలన్నీ తుప్పే. అప్పట్లో కొన్నిటిని మరీ బిగించేశారట, వాషర్ నలిగి అంచులు బయటికొచ్చేశాయి. కొన్నయితే వంకరగా దిగాయి. కింద నిలబడి టీ ఇచ్చానే తప్ప అప్పుడు నేను చూసిందెక్కడ!

పాత కన్నంలో అదే సైజు పట్టదని కాస్త లావు స్క్రూలు తెప్పించాడు, ఈపీడీఎం (ఎండావానా తట్టుకునే రబ్బరు) వాషర్లతో. మొత్తం 180. తీసినవన్నీ పెయింట్ డబ్బాలో పోసి ఇచ్చాడు. ఎందుకో పారేయబుద్ధి కావట్లేదు.