టీచర్, మళ్ళీ వరద వచ్చిందా?

మంగళవారం, రాత్రి పదిన్నర

పొద్దున కుళాయి సన్నగా వచ్చింది. బిందె నిండేలోపు కుక్కర్ పెట్టేసి, బాక్సు కట్టుకుని బయటపడ్డాను. విజయవాడ పాయకాపురం నుంచి సింగ్‌నగర్‌లోని మా బడికి బండి మీద పది నిమిషాలు. అటెండెన్స్, నాలుగో తరగతికి భాగహారాలు, అయిదో తరగతి నోట్సులు దిద్దడం. పన్నెండున్నర వరకూ ఇక్కడ రాసుకోవడానికి ఏమీ లేని రోజే.

పిల్లలు వరండాలో వరసగా కూర్చుని భోజనం చేస్తున్నారు. అన్నం, సాంబారు, గుడ్డు. ముందు ఏమీ వినిపించలేదు. ఒక్కసారిగా నెత్తిమీద గుడ్డ పర్రున చింపినట్టు చప్పుడు, ఆ వెంటనే గుండెల్లో అదురు. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. తల ఎత్తేసరికి యుద్ధవిమానం ఎదురు డాబా మీది వాటర్ ట్యాంకు దాటి పోతోంది. దాని పొట్ట బూడిద రంగు, రెక్కల కింద వేలాడేవి కూడా కనిపించాయి. అంత కిందగా ఉంది. ఊపిరి తీసుకునేలోపు దాని వెనకే ఇంకొకటి.

గన్నవరంలో దిగే విమానాలు మాకు కొత్త కాదు. వాటి దారి, వాటి చప్పుడు, ఏ పీరియడ్‌లో ఏది వస్తుందో కూడా పిల్లలకు తెలుసు. ఇది అలాంటిది కాదు.

ఇద్దరు ముగ్గురు మగపిల్లలు కంచాలు వదిలేసి చప్పట్లు కొడుతూ గ్రౌండ్‌లోకి పరుగెత్తారు. ఒకటో తరగతి వాడొకడు ఏడుపు మొదలుపెడితే వాణ్ణి చూసి ఇంకో నలుగురు. వంటామె చేతిలో గరిటె జారి సాంబారు కాళ్ళ మీద చిందింది. నేను ఆమె దగ్గరకు వెళ్తున్నాను, అప్పుడు చూశాను. నాలుగో తరగతి పిల్ల ఒకతె లేచి, ఎంగిలి చెయ్యి గౌనుకు తుడుచుకుని, క్లాసులోకి పోయింది. బ్యాగులోంచి పుస్తకాలు తీసింది. అవి ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉన్నాయి. కుర్చీ జరుపుకుని, ఎక్కి, వాటిని బీరువా మీద పెట్టింది. ఏం చేస్తున్నావమ్మా అని అడిగితే, కుర్చీ దిగకుండానే అంది: "టీచర్, మళ్ళీ వరద వచ్చిందా?"

నాకు నోట మాట రాలేదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా మీదకు వచ్చినప్పుడు ఆ పిల్ల రెండో, మూడో తరగతిలో ఉండి ఉంటుంది. మేము కింద వాటా. సామాను వదిలేసి ఇంటివాళ్ళ డాబా ఎక్కాం. నీళ్ళు తీసేదాకా కరెంటు లేదు, తాగే నీళ్ళు లేవు. అప్పుడు నేవీ, ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు వచ్చాయి. డాబాల మీద పులిహోర పొట్లాలు, నీళ్ళ సీసాలు జారవిడిచాయి. ఆ గాలికి ఆరేసిన దుప్పట్లు, ట్యాంకు మూతలు ఎగిరిపోయాయి. ఒక్కళ్ళూ కోప్పడలేదు. చేతులెత్తి దణ్ణం పెట్టినవాళ్ళను చూశాను, నేనూ పెట్టాను. అంత కిందగా వచ్చింది మాకోసం. ఇవాళ వచ్చింది ఎందుకోసమో మాకెవరూ చెప్పలేదు. ఆ పిల్లకు మాత్రం నెత్తిమీద మోత అంటే కింద నీళ్ళే. పుస్తకాలు ముందుగా పైకెత్తాలని ఆ వారం నేర్చుకుంది.

మధ్యాహ్నం పాఠం సాగలేదు. హెడ్‌మాస్టర్ గారు ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే మాకు సమాచారం లేదండీ అని ఇంకో నంబరు ఇచ్చారు. ఆ నంబరు ఎత్తలేదు. ఈలోపు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒకరు యుద్ధం మొదలైందన్నారు, ఒకరు మాక్ డ్రిల్ అన్నారు, ఇంకొకరు గన్నవరం దగ్గర కూలిపోయిందట అన్నారు. రెండున్నరకల్లా గేటు దగ్గర ఇరవై మంది తల్లులు. వస్త్రలతలో బట్టల కొట్లో పనిచేసే ఒకావిడ ఆటో ఎక్కి పరుగున వచ్చింది. పూట కూలీ పోయింది, ఆటోకి నూట ఇరవై అయింది. కొడుకు వీపు నిమురుతూ, "ముందే ఒక్క మాట చెప్తే ఏం పోయేదండీ" అంది. పొద్దుపోయేదాకా ఆ మాటే నా చెవుల్లో ఉంది.

సాయంత్రం మా వీధి చివరి బాబాయ్ గారింటికి వెళ్ళాను. ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. నేను కోపంగా ఉన్నానని ఆయనకు తెలిసిపోయింది. పిన్ని కాఫీ ఇచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. "రాడార్ చూపు తిన్నగా పోతుందమ్మాయ్. భూమేమో గుండ్రం. కిందగా వచ్చే విమానం దానికి బాగా దగ్గరకొస్తేగానీ కనపడదు. అందుకే పైలట్లు అలా ఎగరడం నేర్చుకోవాలి. యుద్ధం వచ్చిన రోజున నేర్చుకుంటామంటే కుదరదు."

ఒప్పుకున్నాను. ఆ శిక్షణ వద్దని నేను ఎప్పుడూ అనను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆకాశానికి కాపలా లేకపోతే ఏమవుతుందో ఈ తీరంలో పుట్టినవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు.

కానీ ఊరి మీదుగా ఎందుకు బాబాయ్ గారూ అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "అది మాత్రం నేను సమర్థించను" అన్నారు. బాగా పైన ఉన్నప్పుడు ఇంజను ఆగితే జారుకుంటూ పోవడానికి, ఖాళీ చోటు చూసుకోవడానికి పైలట్‌కు కొంత వ్యవధి ఉంటుందట. కిందగా ఉన్నప్పుడు ఉండేవి సెకన్లే. గంటకు తొమ్మిది వందల కిలోమీటర్లంటే సెకనుకు రెండు వందల యాభై మీటర్లు. రామవరప్పాడు రింగు నుంచి బెంజి సర్కిల్‌కు ఇరవై సెకన్ల లోపే. ఆ దారిలో ఎన్ని ఇళ్ళు, ఎన్ని ఆసుపత్రులు! ఇక మన బుడమేరు గట్టు మీద చికెన్ వ్యర్థాలు పోస్తారు, వాటికోసం గద్దలు తిరుగుతుంటాయి. ఒక్క గద్ద ఇంజనులోకి పోతే చాలు. పైలట్‌కు సీటుతో సహా బయటపడే వీలుంది. విమానం ఎక్కడ పడాలో అక్కడ పడుతుంది.

రాజస్థాన్‌లో అదే జరిగింది. 2023 మే 8న హనుమాన్‌గఢ్ జిల్లాలో మిగ్-21 యుద్ధవిమానం ఒక ఇంటి మీద పడితే ముగ్గురు ఆడవాళ్ళు చనిపోయారు. పైలట్ బతికాడు, ఆయన బతకడం మంచిదే. ఆ ముగ్గురూ తమ ఊళ్ళో, తమ పనుల్లో ఉన్నవాళ్ళు. 2010 మార్చి 3న హైదరాబాద్‌లో విమానాల ప్రదర్శన జరుగుతుంటే నేవీ విన్యాసాల విమానం బోయిన్‌పల్లిలో ఇళ్ళ మీద కూలింది. లోపలున్న ఇద్దరు అధికారులూ పోయారు. 2025 జులై 21 మాత్రం తలుచుకోవాలంటేనే చేతులు వణుకుతాయి. ఢాకాలో శిక్షణలో ఉన్న యుద్ధవిమానం బడి మీద పడింది. మధ్యాహ్నం వేళ. ముప్పై మందికి పైగా పోయారు, ఎక్కువ మంది పిల్లలే. పైలట్ కూడా చనిపోయాడు. ఆ రోజు టీవీలో కాలిన పుస్తకాల సంచులు చూశాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఇవాళ వరండాలో కంచాల వరస మీదుగా ఆ నీడ పోతుంటే నా కళ్ళ ముందు మెదిలింది అదే.

మామూలు విమానాలకైతే కచ్చితమైన రూలుంది. దిగేటప్పుడు, ఎగిరేటప్పుడు తప్ప, ఊళ్ళ మీద ఉన్నప్పుడు చుట్టూ ఆరు వందల మీటర్లలో అన్నిటికన్నా ఎత్తయిన కట్టడానికి మరో మూడు వందల మీటర్ల పైనే ఉండాలి. విమానయానం మీద 1944లో చికాగోలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం మాత్రం పౌర విమానాలకే వర్తిస్తుంది, సైన్యం విమానాలకు కాదు. వాటి రూల్సు ఆయా దేశాల చేతుల్లో ఉంటాయి. బ్రిటన్‌లో తక్కువ ఎత్తులో ఎగిరే శిక్షణకు కొన్ని ప్రాంతాలు విడిగా పెట్టి, అక్కడ ఎప్పుడు ఎగురుతారో టైం టేబుల్ ముందే ప్రకటిస్తారు. రహస్యాలు వాళ్ళకూ ఉంటాయి కదా.

అంత దూరం ఎందుకు, మన హైవే మీదే చూశాం. కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి 16ను నాలుగు కిలోమీటర్లకు పైగా రన్‌వేలా కట్టారు. 2022 డిసెంబరు 29న విమానాలు దాని మీదుగా కిందగా వెళ్ళాయి, 2024 మార్చి 18న ఏకంగా దిగాయి. రెండుసార్లూ ముందే చెప్పారు, బండ్లు పక్కకు మళ్ళించారు, పోలీసులను పెట్టారు. చుట్టుపక్కల జనం పొలాల గట్ల మీద నిలబడి సంతోషంగా చూశారు. పొలాల మధ్య అంత జాగ్రత్త తీసుకోగలిగినప్పుడు లక్షల మంది ఉన్న ఊరికి ఒక్క మెసేజ్ పంపలేరా? వార్డు సచివాలయాలు ఉన్నాయి. ప్రతి తల్లి ఫోనూ మా బడి రిజిస్టరులో ఉంది.

నిజానికి మెసేజ్ ఒక్కటే చాలదు. ముందుగా చెప్పినంత మాత్రాన కూలేది ఆగదు. భయం ఒకటి, ప్రమాదం ఒకటి. భయానికి మాట కావాలి, ప్రమాదానికి దారి మార్చాలి. కృష్ణా నది వెడల్పుగా ఉంది, దాని వెంటే పోతే సముద్రం ఉంది.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఇందాకే ఒకటిన్నర పేజీ రాశాను. హెడ్‌మాస్టర్ గారు సంతకం పెడతానన్నారు. వస్త్రలత ఆవిడను కూడా పెట్టమంటాను. బాబాయ్ గారు చదివి, "వద్దు" అన్నచోట కొట్టేసి "ఊరి మీద వద్దు" అని దిద్దారు.

బడి నుంచి వచ్చేటప్పుడు క్లాసు తాళం వేస్తుంటే బీరువా మీద ఆ కవరు కనిపించింది. వాళ్ళ నాయనమ్మ వచ్చి తొందరగా తీసుకెళ్ళిపోయిందట, పిల్ల మర్చిపోయినట్టుంది. దించి టేబుల్ మీద పెడదామని కుర్చీ జరిపాను. ఎక్కబోయి ఆగాను. రేపు తనే వచ్చి దించుకుంటుంది.